మా మామిడి కొండెక్కింది

దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని అర్థం. ధర కొండెక్కిందంటే చేతికందదని అర్థం. మనిషి కొండెక్కి కూర్చున్నాడంటే ఎంత బతిమాలినా దిగిరాడని అర్థం. మామిడి కొండెక్కితే ఈ మూడూ ఒకేసారి జరుగుతాయని పదేళ్ల అనుభవంతో మనవి చేసుకుంటున్నాను.

సముద్రమట్టానికి 1500 మీటర్ల ఎత్తున నాకో తోట ఉంది. కాగితాల్లో తోట అనే రాశారు మరి. మొక్కలు కొనేటప్పుడు ఎండెంత, నీరెంత, ఎరువెంత అని నర్సరీవాణ్ణి పీక్కుతిన్న నేను, ఎత్తెంత అన్నమాట మాత్రం ఎత్తలేదు. ఉన్నది ఉష్ణమండలం, నాటేది ఉష్ణమండలపు చెట్టు, ఇంక వాటి మధ్య నేనెందుకు అనుకున్నాను.

కొండకు దాని లెక్క దానికుంది. ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ గాలి సగటున 0.65 డిగ్రీలు చల్లబడుతుంది. నా వాటాకు దాదాపు 10 డిగ్రీలు కోత పడింది. ముందుగా చెప్పలేదని కొండను నిందించడానికీ లేదు. 1802లో హంబోల్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త దక్షిణ అమెరికా ఆండీస్ పర్వతాల్లోని చింబొరాజో కొండను దాదాపు శిఖరం దాకా ఎక్కి, 1807లో కొండను నిలువునా కోసినట్టు ఒక పటం అచ్చువేశాడు. ఏ మొక్క ఏ ఎత్తున బతుకుతుందో దాని పేరు అక్కడే రాశాడు. అరటి అడుగున ఉంది, మంచు నెత్తిన ఉంది. రెండు వందల ఏళ్ల కిందటి నోటీసు. నాకు అందలేదు, అంతే.

పోనీ మామిడికి చలి గిట్టదా అంటే, అదీ కాదు. రాత్రులు కాస్త చల్లబడితేనే దానికి పూయాలన్న బుద్ధి పుడుతుంది. మా కొండమీద చల్లదనానికేం కొదవ? చెట్టు ఆకు కనపడకుండా పూసింది. నేను ఆత్రంగా చిక్కం కట్టిన పొడుగు కర్ర తెచ్చుకున్నాను. తీరా పూశాక అదే చలి అడ్డం తిరిగింది. అంత చలిలో పుప్పొడి సరిగా పనిచేయదు, ఈగలు పూత మొహం చూడవు. సగం పూతను బూడిద తెగులు తినేసింది. మిగిలిన కంకులకు గింజ కట్టని కాయలు నాలుగు నిలిచాయి, గోళీలంతవి. శాస్త్రోక్తంగా చిక్కంతోనే కోశాను. కన్నాల్లోంచి జారి కిందపడ్డాయి.

అరటిది మరో తీరు. చలికి కాండం కుంచించుకుపోయి, వేసిన గెల బయటికి రాలేక గొంతులో ఇరుక్కుంది. సగం హస్తాలు లోపల, సగం బయట. చెప్పబోయి మానేసినవాడి మాటలా ఉండిపోయింది. ఆఫ్రికాలోని కిలిమంజారో కొండ వాలు మీద చగ్గా తెగ రైతులు 1000 మీటర్లు దాటాక కూడా అరటి పండిస్తున్నారు కదా అని ఒక పెద్దమనిషి నన్ను నిలదీశాడు. పండిస్తున్నారు. అవి ఆ ఎత్తుకు అలవాటుపడ్డ రకాలు. పైగా కిలిమంజారో భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దూరంలోనే ఉంది. అక్కణ్ణుంచి దూరం జరిగేకొద్దీ అదే ఎత్తు ఇంకా కర్కశంగా ఉంటుంది. అవకాడోలోనూ మెక్సికో, గ్వాటెమాలా జాతులు కొండబిడ్డలు, వెస్టిండియన్ జాతి పల్లపు వేడికి పుట్టింది. నాకు దొరికింది ఏదో వేరే చెప్పాలా?

అసలు అవమానం గోడ దగ్గర జరిగింది. బొప్పాయి మొక్కలకు చలిగాలి కొట్టకుండా తోట దిగువ అంచున నడుమెత్తు గోడ కట్టించాను. గాలి లేని, మబ్బు లేని ఒక రాత్రి గడిచి తెల్లారి చూస్తే, గోడ ఎంత ఎత్తుందో సరిగ్గా అంత ఎత్తు దాకా ఆకులు ఉడికినట్టు నల్లబడ్డాయి. దారం పట్టి గీత గీసినట్టుంది. ఆ పైన ఆకులు పచ్చగానే ఉన్నాయి. నాకన్నా ముప్పై మీటర్లు ఎగువనున్న తోట పెద్దాయన బొప్పాయిలకు ఏమీ కాలేదు. ఎత్తుకు పోయేకొద్దీ చలి అన్న చట్టం ఆయనకు వర్తించదా అని అడగబోయాను. ఆయన గోడవైపు ఒకసారి చూసి, "ఏం బాబూ, చలికి చెరువు కట్టావా?" అన్నాడు.

నిజమే. నేల చల్లబడితే దాన్ని తాకిన గాలి చల్లబడి బరువెక్కుతుంది, నీళ్లలాగే వాలు వెంట కిందికి జారుతుంది. నీరు పల్లమెరుగన్నారు గానీ చలి కూడా ఎరుగునని ఎవరూ చెప్పలేదు. కొండమీది చలినంతా నేను స్వయంగా ఇటుకలు కొని ఆపి, రాత్రంతా బొప్పాయిలను అందులో ముంచి ఉంచానన్నమాట.

ఇప్పుడు గోడ అడుగున మూడు తూములు పెట్టించాను. మామిడి సంగతే తేలాలి. దానికి ఇంకో 5 డిగ్రీల వేడి కావాలి. 0.65తో భాగిస్తే, కొండను సుమారు 770 మీటర్లు చెక్కేస్తే సరిపోతుంది. ఆ మేరకు అర్జీ రాసి పెట్టుకున్నాను. తవ్విన మట్టి ఎక్కడ పోస్తారని అడుగుతారని తెలుసు, దానికీ జవాబుంది. సముద్రం ఒడ్డున తోటున్న మిత్రుడొకడు చెరిమోయా నాటాడు. అది సీతాఫలానికి చుట్టం, చల్లటి కొండలోయల్లో కాసే చెట్టు. ఆ ఉక్కలో ఏళ్ల తరబడి ఆకులే వేస్తోంది. మట్టంతా వాళ్ల తోటలో పోయిస్తే వాడి చెట్టూ దారిన పడుతుంది. లారీ ఖర్చులు చెరిసగమని మాట్లాడుకున్నాం.