ఆ ఫార్వర్డ్ నమ్మి విదేశీ రైలెక్కకండి

పిల్లల్ని చూడ్డానికి విదేశం వెళ్ళే పెద్దవాళ్ళ కోసమంటూ ఒక మెసేజ్ మా బరంపురం తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నవి ఐదు మాటలు. అక్కడ టికెట్ ముందుగా కొనక్కర్లేదు, రేటు ఎప్పుడూ ఒకటే. టికెట్ ఉంటే ఆ రోజు ఏ రైలైనా ఎక్కొచ్చు. పాస్ కొంటే ఇంకేమీ కట్టక్కర్లేదు. గేట్లూ ఉండవు, టీసీలూ ఉండరు. పది నిమిషాల ముందు స్టేషన్‌కి వెళ్తే చాలు. పంపేవాళ్ళు మంచి మనసుతోనే పంపుతున్నారు. కానీ ఇది నమ్మితే ఇబ్బంది పడేది భాష రాని ఊళ్ళో పెట్టెలతో నిలబడే అమ్మానాన్నలు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు రేటు సంగతి. మన దగ్గర స్లీపర్ టికెట్ 60 రోజుల ముందు కొన్నా, ముందు రోజు బెర్త్ మిగిలి ఉండి కొన్నా ఛార్జీ ఒకటే. తత్కాల్, రాజధాని లాంటివి వేరే లెక్క. ఆ అలవాటుతో రాసిన మాట ఇది. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, స్పెయిన్‌లలో దూరప్రయాణం రైళ్ళ టికెట్లు విమానం టికెట్లలాగే అమ్ముతారు. ముందు కొంటే చౌక, రోజు దగ్గరపడేకొద్దీ ఖరీదు. కౌంటర్‌లో అప్పటికప్పుడు కొంటే కొన్ని రెట్లు ఎక్కువ పడొచ్చు. దగ్గర ఊళ్ళకి తిరిగే లోకల్ రైళ్ళ విషయంలో మాత్రం మెసేజ్‌లో నిజముంది. జపాన్ బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌కి కూడా ఆ రోజే కొన్నా పెద్ద తేడా ఉండదు.

ఏ రైలైనా ఎక్కొచ్చన్నది ఇంకా ప్రమాదం. బరంపురంలో జనరల్ టికెట్ కొని ఇచ్ఛాపురానికో పలాసకో వెళ్ళే పద్ధతి వేరు. బ్రిటన్‌లో అడ్వాన్స్, జర్మనీలో స్పార్‌ప్రైస్ అనే చౌక టికెట్లు, ఫ్రాన్స్‌లో టీజీవీ అనే హైస్పీడ్ రైలు టికెట్ మన రిజర్వేషన్ టికెట్ లాంటివే, రాసి ఉన్న రైలుకే చెల్లుతాయి. మీ ఆలస్యం వల్ల రైలు తప్పిపోతే ఆ చౌక టికెట్ మీద తర్వాతి రైలెక్కడం కుదరదు. ఇంకో విషయం. జర్మనీలో టికెట్ కొన్నంత మాత్రాన సీటు రాదు, రిజర్వేషన్ విడిగా కొనాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆ ఐదారు యూరోలు మిగుల్చుకోవద్దు.

పాస్ విషయంలో ఎక్కువ డబ్బు పోతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. యూరప్ బయట ఉండేవాళ్ళకిచ్చే యూరైల్ పాస్ 33 దేశాల్లో పనిచేస్తుంది. అయినా టీజీవీ, లండన్-పారిస్ మధ్య నడిచే యూరోస్టార్, ఇటలీ, స్పెయిన్ హైస్పీడ్ రైళ్ళు, రాత్రి రైళ్ళకి రిజర్వేషన్ డబ్బు వేరే కట్టాలి. కొన్నిట్లో పాస్ ఉన్నవాళ్ళకిచ్చే సీట్లే తక్కువ. పాస్ ఫోన్‌లో ఉంటే చాలదు. ఎక్కేముందే ఆ ప్రయాణాన్ని యాప్‌లో చేర్చాలి, లేకపోతే టికెట్ లేనట్టే. జర్మనీలో చదివే పిల్లలు వాడే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ చవకే, కానీ ఐసీఈ అనే హైస్పీడ్ రైళ్ళలో చెల్లదు.

జపాన్ పాస్ కొనేముందైతే కాగితం మీద లెక్క వేసుకోండి. ఏడు రోజుల సాధారణ పాస్ 2023 అక్టోబర్‌లో 29,650 యెన్ల నుంచి 50,000కి పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకి పోనూ రానూ దాదాపు 28,000. ఆ ఒక్క ప్రయాణమే అయితే పాస్ దండగ. పైగా అన్నిటికన్నా వేగమైన నొజోమీ ఎక్కాలంటే పాస్ ఉన్నా అదనంగా కట్టాలి. మనవాళ్ళు అప్పడాలు, ఊరగాయలు నింపే పెద్ద సూట్‌కేసు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే టోక్యో–క్యోటో రైల్లో సామాను చోటున్న సీటు ముందే బుక్ చేయాలి. చేయకపోతే 1,000 యెన్లు వసూలు చేస్తారు.

గేట్లు లేవన్నది జర్మనీ, ఆస్ట్రియాలకి నిజమే. తనిఖీ రైల్లో ఉంటుంది. జర్మనీలో టికెట్ లేకుండా దొరికితే కనీసం 60 యూరోలు. ఇటలీలో రీజినల్ రైలు కాగితం టికెట్‌ని ఎక్కేముందు మెషిన్‌లో స్టాంప్ చేయించాలి. డబ్బిచ్చి కొన్నా సరే, స్టాంప్ లేకపోతే జరిమానా పడొచ్చు. ఇంగ్లండ్‌లో పెద్ద స్టేషన్లలో చాలావాటికి గేట్లున్నాయి. పెనాల్టీ 2023 నుంచి 100 పౌండ్లు, పైన టికెట్ ధర. పారిస్ మెట్రోలో దిగి బయటికొచ్చేదాకా టికెట్ దగ్గరే ఉండాలి.

పది నిమిషాల మాటకొస్తే, లండన్‌లో యూరోస్టార్ గేట్లు 30 నిమిషాల ముందే మూస్తారు. ఫ్రాన్స్ పాస్‌పోర్ట్ తనిఖీ కూడా అక్కడే అవుతుంది, కాబట్టి ఫ్రాన్స్‌కి చెల్లే షెంగెన్ వీసా చేతిలో ఉండాలి. చైనాలో పాస్‌పోర్ట్ నంబర్ మీదే టికెట్, సామాను స్కానింగ్ అయ్యాకే లోపలికి. టీజీవీ తలుపులు టైముకి రెండు నిమిషాల ముందే మూసుకుంటాయి. టోక్యో షింజుకు స్టేషన్‌కి రెండు వందలకు పైగా దారులున్నాయి, ఏ గేటు దగ్గర కలుస్తారో పిల్లల్ని ముందే అడగండి. లండన్, పారిస్‌లలో ఊరి పేరు చూస్తే సరిపోదు, స్టేషన్ పేరు చూడాలి. లండన్ నుంచి పారిస్‌లో దిగేది గార్ దు నోర్, నీస్ వైపు రైలెక్కేది గార్ ద లియోన్. ఆ రెండు స్టేషన్ల మధ్య ఊరి లోపల తిరిగే ఆర్ఈఆర్ డి లైన్ రైలెక్కాలి. పెట్టెలతో కనీసం గంటన్నర వ్యవధి ఉండేలా టికెట్లు కొనమని పిల్లలకి చెప్పండి.