మెటల్ డిటెక్టర్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ మెటల్ డిటెక్టర్ గారికి,

డాలస్ శివారు నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు గరాజ్‌లో గోడకు చేరబడి, చార్జర్ వైరు తగిలించుకుని సుఖంగానే ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాను కాబట్టి ఆ కుశలం అడగను.

తమరిని కొన్నప్పుడు డబ్బా మీద పార్కు, పొలం, సముద్రం బొమ్మలు మూడూ ఉన్నాయి. ఇంటికొచ్చాక ఒక్కొక్క సంగతీ బయటపడింది. పార్కుకి ఒక కాయిల్ (అదే, నేల మీద ఆడించే తమ గుండ్రటి పళ్లెం), పాత ఇళ్ల స్థలాలకి ఇంకో కాయిల్, తడి ఇసుక మీదికైతే అసలు తమ బదులు వేరే వారే రావాలట. కొత్త అల్లుడికి కూడా ఇన్ని పేచీలుండవు. ఆయన కనీసం పండక్కే వస్తాడు.

ముందు నేల గురించి. డాలస్ చుట్టూ ఉన్నది మన గుంటూరు వైపు కనిపించే నల్లరేగడి జాతే. వాన పడితే చెప్పుల్ని వదలదు, ఎండాకాలం నెర్రెలిస్తుంది. తమరికి ప్రతి నేలతోనూ తగువే కాబట్టి గ్రౌండ్ బ్యాలెన్స్ చెయ్యాలి. అంటే నాణెం లేని చోట చూసుకుని, కాయిల్‌ని నేలకి దగ్గరగా కిందకీ పైకీ ఆడిస్తూ, మట్టిలోని ఖనిజాల గోల తమ చెవిన పడకుండా సర్దాలి. పార్కులో జాగింగ్ చేసేవాళ్లు ఆగి మరీ ఈ పూజ చూస్తారు. ఇనుము దండిగా ఉన్న ఎర్రమట్టిలో అయితే తమరు రాయిని చూసి కూడా కూత పెడతారు.

పెద్ద కాయిల్ లోతు చూస్తుంది, నిజమే. కానీ మేకులూ సీసా మూతలూ పరుచుకున్న చోట నాలుగింటిని కలిపి ఒకే కూత కూస్తుంది. పాత ఇల్లు పడగొట్టిన స్థలంలో అయిదారు అంగుళాల చిన్న కాయిలే దిక్కు. మేకు పక్కనున్న నాణేన్ని అది విడదీసి వినిపిస్తుంది. దాంతో ఎకరం తిరిగేసరికి పొద్దుగూకుతుందన్న సంగతి మాత్రం అమ్మేవాళ్లెవరూ చెప్పరు.

ఇక లోహాన్ని బట్టి తమ తెర మీద మెరిసే అంకెల సంగతి. మొన్నటి కార్తీక వనభోజనాల్లో ఒకాయన ఉంగరం గడ్డిలో జారిపోయింది. ఆ పార్కులో తవ్వడానికి అనుమతి తీసుకుని తమరిని భుజాన వేసుకుని వెళ్లాను. కూల్‌డ్రింక్ డబ్బా మూతకుండే అల్యూమినియం రింగూ, బంగారు ఉంగరమూ తమ కంటికి ఇంచుమించు ఒక్కటే. ఆ రింగుల బెడద వదిలించుకుందామని డిస్క్రిమినేషన్ పెట్టి, అంటే ఆ అంకెలకి కూత రాకుండా నోరు మూయిస్తే, వాటితో పాటు బంగారం కూడా పోతుంది. ఇక్కడ ఇంకో తిరకాసుంది. బంగారం ఏ అంకె దగ్గర పలుకుతుందో చెప్పే పట్టికలు ఇక్కడివాళ్లు తొడిగే 10, 14 క్యారెట్ల ఉంగరాలను బట్టి తయారైనవి. మనవాళ్ల వేలికి ఉండేది 22 క్యారెట్లు, అదీ దిట్టంగా. స్వచ్ఛత పెరిగేకొద్దీ విద్యుత్తు సులువుగా పారుతుంది, అంకె పైకి పోతుంది. ఆయన ఉంగరం పలికింది బంగారం దగ్గర కాదు, చిల్లర పెన్నీల దగ్గర. పట్టికను నమ్మితే అది ఇప్పటికీ మట్టిలోనే ఉండేది.

సన్నటి గొలుసు పోతే తమరికి గొలుసు కనబడదు. ఒక్కో లంకె మరీ చిన్నది కాబట్టి మహా అయితే కొక్కెం ఒక్కటి వినబడుతుంది. ముక్కుపుడక సంగతి ఎత్తనే ఎత్తను. దానికి హై ఫ్రీక్వెన్సీ మెషీన్ కావాలి, అంటే ఇంకో అట్టపెట్టె, ఇంకో బిల్లు, ఇంట్లో ఇంకో సంజాయిషీ.

తవ్వడం మొదలుపెట్టగానే తమ పాత్ర ముగిసి, జానెడు పొడవున్న పిన్‌పాయింటర్ రంగంలోకి దిగుతుంది. దానికున్న చూపు రెండు మూడు అంగుళాలే. గోతిలో పెట్టి తిప్పితే ఏ గోడ వైపు ఉందో వణికి చెబుతుంది. నల్లరేగడిలో నాణేనికీ మట్టిబెడ్డకీ తేడా కంటికి ఆనదు కాబట్టి అది లేకపోతే పొద్దంతా బెడ్డలు చిదపడమే. పచ్చికలో పైపైనున్న నాణేలకు మొద్దు మొన ఉన్న ప్రోబ్ నయం. గుచ్చి, తగిలితే పైకి లేపొచ్చు, గడ్డి పాడవదు. వాగులో దిగాలంటే నీళ్లు చొరబడని రకం కావాలి. తమరిద్దరినీ దగ్గర దగ్గరగా ఆన్ చేసి ఉంచితే మాత్రం ఒకరినొకరు చూసుకుని అరుస్తారు. ఇంత చిన్న పరికరం మీద కూడా తమకు కుళ్లేనా?

తమ వంశ చరిత్ర కూడా తిరగేశాను. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను కనిపెట్టడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహమ్ బెల్ తమ పూర్వీకుణ్ని తీసుకెళ్లాడు. మంచంలోని లోహపు స్ప్రింగులు విని ఆ మహానుభావుడు తికమకపడ్డాడు. డాక్టరు కుడి వైపే వెతకనిచ్చాడు, తూటా ఎడమ వైపుంది. ఎక్కడ వెతకాలో మనిషి తప్పు చెబితే తమరేం చేస్తారు లెండి, ఈ ఒక్క విషయంలో తమ పక్షమే నేను. 1992లో ఇంగ్లండులోని హాక్స్‌న్‌లో ఒక రైతు పోగొట్టుకున్న సుత్తి కోసం స్నేహితుడు పొలంలో వెతికితే రోమన్ కాలపు బంగారు, వెండి నాణేలు దాదాపు 15 వేలు బయటపడ్డాయి. సుత్తి కూడా దొరికింది, ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ ఒక్క కథ చెప్పి తమవాళ్లు ఇప్పటికీ మెషీన్లు అమ్ముకుంటున్నారు.

ఆ కథ కర్నూలులో ఉన్న మా బావ దాకా పోయింది. "ఈసారి వచ్చేటప్పుడు అదొకటి పట్రా, తొలకరికి తుగ్గలి వైపు వజ్రాలు ఏరదాం" అని ఫోన్. వజ్రం లోహం కాదు బావా, దాని మీద నుంచి వెళ్లినా ఈ దొరగారు కిమ్మనరు, అక్కడ వంగి చూసే కళ్లకే పని అని చెప్పాను. పోనీ గుప్తనిధులన్నాడు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా బతికే ఉంది, పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకి చెప్పాల్సిందే. ఈ దేశమేమీ తక్కువ తినలేదు. ఇక్కడి జాతీయ పార్కుల్లోకి తమరికి ప్రవేశమే లేదు. ఫెడరల్ భూముల్లో వందేళ్లు దాటిన పురావస్తువుని అనుమతి లేకుండా తవ్వితే 1979 చట్టం కింద నేరం. తమరేమో నాణెం వయసు చెప్పరు, భూమి ఎవరిదో చెప్పరు. బీప్ అని ఊరుకుంటారు, కేసు మా మీద.

చివరగా అసలు విషయం. ఈ శనివారం గాల్వెస్టన్ బీచికి వెళ్తున్నాం. పొడి ఇసుక వరకూ తమరూ పనికొచ్చేవారే గానీ, అలలు తడిపిన చోట ఉప్పునీటిలో కరెంటు పారుతుంది కాబట్టి అడుగడుగునా లేనిపోని కూతలు కూస్తారు. అందుకని ఒక స్నేహితుడి పల్స్ ఇండక్షన్ మెషీన్ అరువు తెచ్చాను. దానికి ఉప్పు లెక్కలేదు, లోతు కూడా బాగా చూస్తుంది. ఇనుముకీ బంగారానికీ తేడా మాత్రం సరిగ్గా చెప్పలేదు కాబట్టి హెయిర్‌పిన్నులన్నీ నేనే తవ్వుకోవాలి. జల్లెడ పార కూడా కారులో పెట్టేశాను. తమరు గరాజ్‌లోనే విశ్రాంతి తీసుకోగలరు. చార్జింగ్ నిండాక ప్లగ్ మా ఆవిడ పీకేస్తుంది, ఏమీ అనుకోవద్దు.

ఇట్లు,
తమరు బీప్ అన్న ప్రతిచోటా మోకాళ్ల మీద కూలబడే
తమ విధేయుడు