స్నేహితురాళ్లకు ఒక ఊరు కావాలి

నెట్‌ఫ్లిక్స్‌లో ‘స్వీట్ మాగ్నోలియాస్’ సీరియల్ చూసినవాళ్లలో చాలామంది దాన్ని ఒక్క మాటతో తేల్చేస్తారు: హాయిగా ఉంటుంది. గిన్నెలు కడిగేసి, పిల్లల్ని పడుకోబెట్టి, కాళ్లు చాపుకుని చూసుకునే కథ అని. అమెరికా దక్షిణాదిలో, సౌత్ కరోలినా రాష్ట్రంలో సెరెనిటీ అనే ఊహా పట్టణం. అక్కడ చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన ముగ్గురు ఆడవాళ్లు. తీరిక దొరికిన రాత్రి ఒకరింట్లో చేరి, మార్గరీటా గ్లాసులు పట్టుకుని, మనసులో ఉన్నదంతా కుమ్మరించుకుంటారు. 2020 మే 19న మొదలైంది. 2025 ఫిబ్రవరికి నాలుగు సీజన్లు, సీజనుకు పది చొప్పున నలభై ఎపిసోడ్లు వచ్చాయి. లాక్‌డౌన్‌లో ఎవరి గుమ్మం వాళ్లు దాటలేని రోజుల్లో అది జనానికి అంత దగ్గరైందంటే ఆశ్చర్యం లేదు.

ఆ నలభై ఎపిసోడ్లూ నేను చూశాను. దీన్ని హాయి కథ అని పక్కన పెట్టేయడం నాకు అన్యాయంగా తోస్తోంది. ఆడవాళ్ల స్నేహం గురించి ఎవరూ పట్టించుకోని ఒక నిజాన్ని ఈ సీరియల్ పూసగుచ్చినట్టు చూపించింది. మాడీ, డానా సూ, హెలెన్‌ల స్నేహం ఇన్నేళ్లు నిలవడానికి వాళ్ల మంచితనం ఎంత కారణమో, వాళ్ల చిరునామా అంతకంటే పెద్ద కారణం. ముగ్గురూ పెరిగిన ఊళ్లోనే ఉన్నారు. పెళ్లి వాళ్లను ఊరు దాటించలేదు, విడాకులూ దాటించలేదు. కష్టం వచ్చిన రోజున ఒకరు ఇంకొకరి గుమ్మం ముందు నిలబడగలరు. మిగతాదంతా ఆ తర్వాతే.

కథ తెలిసినవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. మాడీ భర్త బిల్ డాక్టరు. తన దగ్గర పనిచేసే నర్సు నోరీన్‌తో సంబంధం పెట్టుకుని, ఆమె గర్భవతి కావడంతో ఇల్లు వదిలి వెళ్లిపోతాడు. ముగ్గురు పిల్లలతో మాడీ మిగులుతుంది. డానా సూకి సొంత రెస్టారెంటు ఉంది, భర్త మాత్రం దూరంగా ఉన్నాడు. హెలెన్ లాయరు. పెళ్లి కాలేదు, బిడ్డ కావాలని ఆరాటం.

నన్ను కట్టిపడేసింది మార్గరీటాలు కాదు, కార్నర్ స్పా. ఇంటికే అంకితమై ఏళ్లు గడిచిపోయిన మాడీకి విడాకుల తర్వాత ఉద్యోగం ఎవరిస్తారు? ఆ ప్రశ్న ఊళ్లో ఎవరికీ పట్టకముందే ఇద్దరు స్నేహితురాళ్లు లెక్కలు వేసేశారు. ఒక పాత ఇంటిని స్పాగా మార్చి, దాన్ని నడిపే బాధ్యత మాడీ చేతిలో పెట్టారు. ఈ ఘట్టాన్ని చాలామంది కథ ముందుకు నడవడానికి వేసిన ఎత్తుగడ అనుకుని దాటేశారు. నాకైతే మొత్తం సీరియల్‌కి గుండెకాయ అదే. ఏడిస్తే భుజం ఇచ్చేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. నెల తిరిగేసరికి చేతిలో నాలుగు డబ్బులు పడే దారి చూపించేవాళ్లు దొరకరు. ఈ ముగ్గురి స్నేహంలో అప్పుంది, పెట్టుబడి ఉంది, పగిలిన పైపుల రిపేరు ఖర్చుంది, సంతకాలున్నాయి. మగవాళ్ల స్నేహాన్ని మనం ఇలాగే కొలుస్తాం: ‘వాడూ వీడూ కలిసి షాపు పెట్టారు’, ‘వాడి పూచీకత్తు మీదే వీడికి లోనొచ్చింది’ అని. ఆడవాళ్ల స్నేహం అనగానే కబుర్లు, కన్నీళ్లు దాటి ఆలోచించం.

ఆ లెక్క తర్వాతి సీజన్లలోనూ తప్పలేదు. ఊరందరికీ పెద్దదిక్కుగా ఉన్న మిస్ ఫ్రాన్సిస్ చనిపోతూ డానా సూ పేర చెక్కు వదిలి వెళ్తుంది. దాన్ని ఊరికి ఉపయోగపడేలా ఎలా ఖర్చుపెట్టాలన్నది మూడో సీజన్ అంతా ఆమెను వేధించే ప్రశ్న. ఒక ముసలావిడ తన డబ్బును మరో ఆడమనిషిని నమ్మి అప్పగించడం, ఆమె దాన్ని ఊరి సొత్తుగా భావించడం తెర మీద నేను అరుదుగా చూశాను.

ఇంకో సంగతి. రెండో సీజన్‌లో హెలెన్‌కి గర్భం నిలవదు. ఎన్నేళ్లుగానో కోరుకున్న బిడ్డ. అప్పుడు ఆమెను కాచుకున్నది ఈ ఇద్దరే. అలాంటి రోజున ఫోన్లో ‘ధైర్యంగా ఉండవే’ అనడం వేరు. వెళ్లి మంచం అంచున కూర్చుని, ఏమీ మాట్లాడకుండా కాళ్లు సర్ది దుప్పటి కప్పడం వేరు. దూరం ఎంత ప్రేమనైనా మాటల దగ్గరే ఆపేస్తుంది.

ఈ ఊరు మరీ తియ్యగా ఉందనేవాళ్లున్నారు. నల్లజాతి స్త్రీ అయిన హెలెన్ సౌత్ కరోలినాలోని చిన్న పట్టణంలో లాయరుగా బతుకుతుంటే, జాతి ప్రస్తావన అంత అరుదుగా రావడం నమ్మేలా లేదంటారు. ఆ మాటలో నిజముంది. షూటింగ్ జరిగింది జార్జియాలోని కోవింగ్టన్‌లో. బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన కాన్ఫెడరేట్ సైన్యానికి స్మారకంగా ఆ ఊరి నడిబొడ్డు కూడలిలోనే ఒక విగ్రహం ఉంది. సీరియల్ విడుదలైన రెండు నెలలకే, 2020 జులైలో, దాన్ని తొలగించాలని న్యూటన్ కౌంటీ కమిషనర్లు ఓటేస్తే, ఆ వివాదం రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కూడలికి అంత చరిత్ర ఉంటే కథ దాని పక్క నుంచి మెల్లగా నడిచిపోయింది. ఒప్పుకుంటాను. అయితే ఆ లోటు చూపించి ముగ్గురి స్నేహాన్నే అబద్ధం అనేస్తే ఒప్పుకోను. హెలెన్‌ను కథానాయిక పక్కన తోడుగా నిలబెట్టి వదిలేయలేదు. డబ్బు తెలిసిన మనిషి, చట్టం తెలిసిన మనిషి, ఆ ముగ్గురిలో అందరికంటే ముందు దారి కనుక్కునే మనిషి ఆమే.

ఈ సీరియల్ చూస్తున్నంతసేపూ నాకు మా వంటింటి అలమరలోని ఒక స్టీలు డబ్బా గుర్తొస్తూనే ఉంది. మా అమ్మ పెళ్లికి ఆమె స్నేహితురాలు ఇచ్చింది. మూత మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంటుంది. ఆ పేరు ముందున్న ఇంటిపేరు పుట్టింటిది. ఆమెకు తర్వాతి ఏడాదే పెళ్లయింది. ఏ ఊరు ఇచ్చారో అమ్మకు తెలుసు, ఏ ఇంటికిచ్చారో తెలియదు. మొన్నామధ్య ఫేస్‌బుక్‌లో వెతికిపెట్టమని అడిగింది. ఏమని వెతకను? ఆ పేరుతో వందల మంది ఉన్నారు. అత్తింటి ఇంటిపేరు తెలిస్తే తప్ప మనిషి దొరకదు. ఆరేళ్లు ఒకే బెంచీలో కూర్చున్న మనిషి, నలభై ఏళ్లుగా చింతపండు పోసుకునే డబ్బా మీద పేరుగా మిగిలిపోయింది.

ఇది మా అమ్మ ఒక్కదాని కథ కాదు. 2020-21లో కేంద్ర గణాంక శాఖ చేసిన సర్వే ప్రకారం మన దేశంలో ఆడవాళ్లలో 47.9 శాతం మంది పాత చోటు వదిలి వచ్చినవాళ్లు. మగవాళ్లలో అది 10.7 శాతమే. అలా వచ్చిన ఆడవాళ్లలో 86.8 శాతం మంది చెప్పిన కారణం ఒక్కటే: పెళ్లి. ఈ లెక్కల్ని మనం వలసల కింద చదివి వదిలేస్తాం. నేను వీటిని తెగిపోయిన స్నేహాల లెక్కగా చదువుతాను. ఇరవై ఏళ్లకు ఒక అమ్మాయి బట్టలతో పాటు తనకు తెలిసిన ప్రతి మనిషినీ సర్దుకుని తీసుకెళ్లలేదు కదా. అత్తవారి ఊళ్లో ఆమెకు ఎదురయ్యే ప్రతి మనిషీ భర్త తరఫు బంధువో, భర్త స్నేహితుడి భార్యో. తనకంటూ, తన చిన్నప్పటి పేరుతో ‘ఏమే’ అని పిలిచే ఒక్క గొంతు ఉండదు.

అదే ఊళ్లో మగవాళ్లకు అన్నీ ఉంటాయి. టీ కొట్టు ఉంది, రచ్చబండ ఉంది, పదో తరగతి నుంచి వెన్నంటి ఉన్నవాడు పక్క వీధిలోనే ఉన్నాడు. ఈ మధ్య ప్రతి ఊళ్లో పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలు జరుగుతున్నాయి. ఫ్లెక్సీ కడతారు, టీచర్లకు శాలువాలు కప్పుతారు. నేను చూసిన వాటిలో అబ్బాయిల నంబర్లు ఒక్క రోజులో దొరికాయి. అమ్మాయిల నంబర్ల కోసం వాళ్ల అన్నదమ్ముల్ని పట్టుకోవాల్సి వచ్చింది. దొరికినవాళ్లలోనూ సగం మంది ‘ఇంట్లో అడిగి చెప్తా’ అన్నారు.

ఇక మన సీరియళ్ల సంగతి. తెలుగు టీవీలో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఏ చానల్ పెట్టినా కథ హాల్లోనే జరుగుతుంది, ఆ హాలు అత్తగారిదే. అత్త, కోడలు, తోటికోడలు, ఆడపడుచు. ఒక మగవాడి చుట్టూ చేరిన ఆడవాళ్లు, ఒకరి పాలల్లో ఒకరు ఏదో కలుపుతూ ఉంటారు. స్నేహితురాలు ఉన్నా పెళ్లికి ముందే. ప్రేమలేఖ అందించి కథలోంచి తప్పుకుంటుంది. నోరీన్ లాంటి పాత్ర మన దగ్గర పుట్టి ఉంటే ఐదొందల ఎపిసోడ్లు విలన్‌గా కళ్లెర్రజేస్తూ ఉండేది. సెరెనిటీలో ఆమె కూడా ఒంటరిదైపోతుంది, రెండో సీజన్‌కి మాడీకీ ఆమెకూ మధ్య పగ కరిగి మాటలు కలుస్తాయి. భర్తను పోగొట్టుకున్న మనిషి, ఆ భర్త వల్లే మోసపోయిన మరో మనిషిని గుర్తుపట్టింది. ఇలాంటి ఒక్క సన్నివేశం రాయగల చేయి మన దగ్గర లేదంటే నేను నమ్మను. రాయనివ్వడం లేదు, అంతే.

కోవింగ్టన్‌కి పడమర దిక్కున సుమారు 55 కిలోమీటర్ల దూరంలో అట్లాంటా ఉంది. దాని శివార్లలో వేల తెలుగు కుటుంబాలున్నాయి. భర్త ఉద్యోగం వెంట హెచ్-4 వీసా మీద అక్కడికి వెళ్లిన భార్యలకు 2015 మే దాకా ఉద్యోగం చేసుకునే హక్కే లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటితేనే అనుమతి. పుట్టింటి నుంచి అత్తింటికి మారినట్టే, అత్తింటి నుంచి ఇంకో ఖండానికి మారిన ఆడవాళ్లు వీళ్లు. ఇంజినీరింగ్ చదివినవాళ్లు, బ్యాచ్‌లో ఫస్ట్ వచ్చినవాళ్లు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేద్దామంటే ఇండియాలో స్నేహితురాలు టిఫిన్ బాక్సులు సర్దుతూ ఉంటుంది. రోజంతా ఖాళీ ఇంట్లో కూర్చుని, గంట దూరంలో తీసిన ఈ సీరియల్ చూసిన తెలుగమ్మాయికి ఆ ముగ్గురూ ఒకే సోఫాలో కూర్చోవడం ఎంత పెద్ద భాగ్యంగా కనిపించి ఉంటుందో నేను ఊహించగలను.

మాడీకీ ఈ పరీక్ష తప్పలేదు. నాలుగో సీజన్ చివర న్యూయార్క్ నుంచి ఉద్యోగం పిలుపు వస్తుంది. ఆమె వెళ్లాలనే నేను కోరుకుంటాను. కానీ అది తన కోసం వెళ్లడం. ఇష్టపడి ఊరు వదలడానికీ, వదలడం తప్ప దారి లేకపోవడానికీ చాలా తేడా ఉంది.

మన ఆడవాళ్లు ఇంత జరిగినా ఊరుకోలేదు. మెట్టినింటి ఊళ్లోనే మళ్లీ మొదటి నుంచి స్నేహాలు కట్టుకున్నారు, దానికి మనం పెట్టుకున్న పేరు ‘సంఘం’. డ్వాక్రా పథకం 1982లో మొదలైంది. 1992 నుంచి పొదుపు సంఘాలకు బ్యాంకు లింకేజీ, అంటే బ్యాంకు నుంచి లోను తీసుకునే దారి, వచ్చింది. పది పదిహేను మంది కోడళ్లు, ఒక్కొక్కరిదీ ఒక్కో పుట్టిల్లు. నెలకింత పొదుపు, తీర్మానం పుస్తకం, లీడరు, రెండో లీడరు. ఒకరు కిస్తీ కట్టలేకపోతే మిగతావాళ్లు తలా కొంత వేసి కట్టేయాలి. కార్నర్ స్పాలో ముగ్గురు చేసింది ఇదే. నెల్లూరు జిల్లాలో తొంభైల మొదట్లో అక్షరాస్యత కేంద్రాల కోసం రాత్రిళ్లు ఒక చోట చేరిన ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి నడిచారు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం తెప్పించారు. వాళ్లకు దొరికింది లాంతరు వెలుగులో కూర్చునే ఒక గంట, ఒక చోటు. మగవాళ్లు అడగకుండానే పొందే ఆ చోటు.

ఇప్పుడు చాలా సంఘాల్లో ఆ గంట పోయింది. సమావేశమంటే కిస్తీ కట్టి, సంతకం పెట్టి, కూర పొయ్యి మీద ఉందని పరుగెత్తడం. లోను మిగిలింది, కూర్చోవడం పోయింది. మన రచయితలకు కథ కావాలంటే ఇక్కడ ఉంది: పదిహేను మంది, పదిహేను పుట్టిళ్లు, ఒకటే పుస్తకం. అమెరికా నుంచి అరువు తెచ్చుకోనక్కర్లేదు.

మా ఊళ్లో గ్రామ సమాఖ్యకు ఒక గది ఉంది. ఫ్యానుంది, చాపలున్నాయి, గోడ మీద ఎప్పటిదో గ్రేడింగ్ చార్టు ఉంది. పైనుంచి ఎవరైనా వచ్చినప్పుడే తలుపు తీస్తారు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, ఏ లెక్కా ఏ సంతకమూ లేకుండా, ఊరికే కూర్చోవడానికి దాన్ని తెరిచి ఉంచాలి. ఇందుకు కొత్త జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. తాళం చెవి ఎవరి దగ్గరుంటుందో తీర్మానం పుస్తకంలో ఒక్క వరుస రాసుకుంటే చాలు.