రోమాజీ కాగితాలు పక్కన పెడదాం

జపాన్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లలో చాలామంది 'అరిగాటో' అంటారు, 'డెస్' అంటారు. జపనీస్‌లో అసలు ట, డ లేవు. ఉన్నవి త, ద. చిన్నప్పటి నుంచి పలుకుతున్న అక్షరాలు వదిలేసి లేనివి ఎందుకు పలుకుతున్నాం? రోమాజీ వల్ల, అంటే జపనీస్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతి వల్ల. ఇంగ్లిష్ టి కనిపిస్తే మన నోరు 'ట' అంటుంది. కొత్త కుటుంబాల కోసం మన సంఘం పెట్టే తరగతుల్లో రోమాజీ కాగితాలు మానేసి, జపనీస్‌లో మొదట నేర్చుకునే లిపి హిరగన వచ్చేదాకా తెలుగు లిపిలో రాసిస్తే మేలని నా అభిప్రాయం. తెలుగులో రాసుకుంటే హిరగన నేర్చుకోరని కొందరు అంటారు. రోమాజీతో మాత్రం నేర్చుకుంటున్నారా?

అందరికీ టెన్షన్ పెట్టేది 'త్సు'. కొందరు 'సు' అంటారు, కొందరు 'ట్సు' అంటారు. ఊళ్లో పెద్దవాళ్లు 'చలి', 'చుక్క' అన్నప్పుడు వినండి, అందులో ఉన్నది ఈ ధ్వనే. బ్రౌన్ తన నిఘంటువులో దానికి ౘ అని వేరే గుర్తు వాడాడు. ౘుకి అంటే చంద్రుడు, ౘుకుఎ అంటే బల్ల. పైగా 'ఇ' ముందు తాలవ్యం (నాలుక అంగిలికి తగిలి పలికేది), 'ఉ' ముందు దంత్యం (పళ్ల దగ్గర పలికేది) అనే పద్ధతి రెండు భాషల్లోనూ ఉంది. మనకు చిలక, చుక్క. వాళ్లకు చి, ౘు. 'జడ'లో పలికే ౙ వచ్చినవాళ్లకు ఏనుగును 'ౙోఓ' అనడం కష్టం కాదు. చిక్కంతా 'ౙె'తోనే. 'ఎ' ముందు మన జకారం తాలవ్యమైపోతుంది, అందుకే గాలిని 'కజె' అనేస్తాం. దీన్ని పనిగట్టుకుని సాధన చేయాల్సిందే.

ఒత్తుల సంగతి మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. కితె అంటే 'వచ్చి', కిత్తె అంటే తపాలా బిళ్ల. 'ఫు' అనేటప్పుడు మాత్రం పళ్లు పెదవికి తగలకూడదు, వేడి కాఫీ ఊదినట్టు అనాలి.

వాళ్ల అక్షరాల వరసైనా అ, క, స, త, న, హ, మ, య, ర, వ. బౌద్ధంతో పాటు మన దేశం నుంచి వెళ్లిన సిద్ధం అనే సంస్కృత లిపి చదువు నుంచి వచ్చిన క్రమం అది. దాన్ని ఏబీసీడీల మీదుగా నేర్చుకోవడం ఏం తెలివో!

మన తెలుగు మోసం చేసే చోటు కూడా ఉంది. వాళ్ల సున్న, మన సున్నలాగే, తర్వాతి హల్లును బట్టి మారుతుంది. తర్వాత అచ్చు వస్తే మాత్రం మనం సంధి చేసేస్తాం. 'కిం-ఎన్' అంటే పొగ తాగరాదని. కలిపేసి 'కినెన్' అంటే స్మారకం. నాలుకను పైకి తాకించకుండా శబ్దాన్ని ముక్కులోనే ఒక్క క్షణం ఆపి, ఆ తర్వాతే 'ఎ' అనాలి. తరగతిలో ఎక్కువ సమయం కేటాయించాల్సింది దీనికీ, 'ౙె'కీ.