బి-క్లాసు లైసెన్సు గారికి ఉభయకుశలోపరి

మహారాజశ్రీ కాలిఫోర్నియా జనరల్ బిల్డింగ్ కాంట్రాక్టర్ లైసెన్సు గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. మీ కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డు పుట్టింది 1929లో. అంటే తమరు మాకు తాతగారి వరస. జేబులో పట్టే కార్డు ముక్కే అయినా తమరి మహిమ కొలవలేనిది. మా ఊళ్లో తాపీ, రసమట్టం, చెవిలో పెన్సిలు ఉన్నవాడు మేస్త్రి. ఇక్కడ అవన్నీ ఉన్నా తమరు లేకపోతే వాడు దారిన పోయే దానయ్యే.

తమరి దర్శనం కావాలంటే పద్దెనిమిదేళ్లు నిండాలి. గడిచిన పదేళ్లలో నాలుగేళ్లు, పక్కన ఇంకో మేస్త్రి నిలబడక్కర్లేకుండా సొంతంగా పని చేసి ఉండాలి. చదువు చూపిస్తే అందులో మూడేళ్ల దాకా మాఫీ. ఒక్క ఏడాది మాత్రం ఎవరైనా సిమెంటు దుమ్ము మింగాల్సిందే. ఆ అనుభవం నిజమేనని పాత యజమానో, ఫోర్‌మనో, తోటి పనివాడో సంతకం పెడితే సరి. వచ్చిన దరఖాస్తుల్లో కనీసం 3 శాతమైనా లోతుగా తనిఖీ చేయాలని చట్టం తమరిని ఆదేశించింది. తిరుమల క్యూలో కూడా ఇంతకంటే ఎక్కువ మంది సంచులు విప్పి చూస్తారు స్వామీ!

ఇక పరీక్షలు. చట్టం, వ్యాపారం మీద ఒకటి, పని మీద ఒకటి. రెండూ సరైన జవాబు గుర్తించే రకమే. ఒక్క మేకు కొట్టక్కర్లేదు, ఒక్క చెక్క కొయ్యక్కర్లేదు. ఇది మన కోచింగ్ సెంటర్ల కంట ఎలా పడలేదో ఆశ్చర్యం. ఆపైన ఆస్బెస్టాస్ గురించి పుస్తకం చూసి రాసే పరీక్ష, వేలిముద్రలు, దరఖాస్తుకు 450 డాలర్లు, ఒక్కరి పేరు మీదైతే మొదటి లైసెన్సుకు ఇంకో 200.

తమరి బాండు గురించి కాస్త విడమరిచి చెప్పాలి. కాంట్రాక్టరు తప్పు చేస్తే ఇంటివాళ్లకు పరిహారం కడతానని ఒక కంపెనీ రాసిచ్చే హామీ అది. 2023 జనవరి నుంచి అది 25,000 డాలర్లు. అంతకు ముందు 15,000. "మా కాంట్రాక్టరుకి బాండు ఉందండీ" అని ఇంటివాళ్లు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతారు. ఆ 25,000 ఒక్క ఇంటికి రాసిచ్చింది అనుకుంటారు పాపం. ఆ ఏడాది ఆయన పాడుచేసిన ఇళ్లు ఆరైతే ఆ ఆరు ఇళ్లవాళ్లూ పంచుకోవాల్సింది ఆ ఒక్క బాండునే. పైగా అది బీమా కూడా కాదు. కంపెనీ కట్టిన సొమ్మును తిరిగి కాంట్రాక్టరు దగ్గరే వసూలు చేసుకుంటుంది. 80,000 డాలర్ల వంటగదికి ఆ బాండు పెళ్లిలో తాంబూలం పాటిది.

అడ్వాన్సు విషయంలో మాత్రం తమరిది ధర్మరాజు పోలిక. ఇంటి మరమ్మతు ఒప్పందంలో ముందుగా తీసుకోదగ్గది 10 శాతం లేదా 1,000 డాలర్లు, రెండింట్లో ఏది తక్కువైతే అది. 80,000 పనికి 8,000 రాదు, వెయ్యే. ఆ తర్వాత కూడా అయిన పని విలువకు మించి అడగకూడదు. అన్ని ప్రాజెక్టులకూ కలిపి పెద్ద బాండు పెట్టినవాళ్లకే ఇందులో మినహాయింపు. అయినా "మెటీరియల్ కొనాలండీ, సగం ఇవ్వండి" అనగానే మనవాళ్లు ఫోన్ తీసి 40,000 పంపేస్తారు. అడిగినవాడు మనవాడు, పైగా అన్నయ్యగారూ అన్నాడు కదా!

తమరి తమ్ముడు బి-2 గారు 2021లో పుట్టారు. కట్టి ఉన్న చెక్క ఫ్రేము ఇళ్లలో, ఒకదానికొకటి సంబంధం లేని మూడు పనులైనా ఉన్న మరమ్మతులకు ఆయన చాలు. బరువు మోసే గోడ జోలికి మాత్రం ఆయన వెళ్లకూడదు. ఫ్రీమాంట్‌లో ఈశాన్యం గుమ్మం కావాలని బయటి గోడ కోయించేవాళ్లకు ఈ ముక్క తెలియాలి. అక్కడ తమరే రావాలి, సిటీ పర్మిట్టూ రావాలి. వాస్తు సిద్ధాంతికి మాత్రం ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఆయన గోడ ముట్టుకోడు, తీసెయ్యమంటాడంతే.

అసలు తమరి విశ్వరూపం కాలిఫోర్నియా కాంట్రాక్టర్ల చట్టం సెక్షన్ 7031లో ఉంది. సామానూ కూలీ కలిపి 1,000 డాలర్లలోపు పనికి, పర్మిట్టు అక్కర్లేకుండా, కూలీని పెట్టుకోకుండా చేస్తే తమరు లేకపోయినా పర్వాలేదు. 2024 చివరి దాకా ఆ హద్దు 500. అది దాటిందో, లైసెన్సు లేనివాడు కూలి కోసం కోర్టుకు వెళ్లలేడు. పని అద్దంలా ఉన్నా సరే. అప్పటికే తీసుకున్నదంతా వెనక్కి ఇమ్మని ఇంటాయన దావా వేయొచ్చు, సామాను ఖర్చుతో సహా. వెయ్యి దాటకుండా బిల్లును మూడు ముక్కలు చేసినా తమరి కళ్లకు గంతలు కట్టలేరు. 1991లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు హైడ్రోటెక్ కేసులో ఇంకో మెట్టెక్కింది. యజమాని లైసెన్సు లేదని తెలిసే పని చేయించుకుని, డబ్బిస్తానని మాయమాటలు చెప్పినా సరే, కాంట్రాక్టరుకు రూపాయి రాదంది. ఆ కేసులో పని ఏమిటో తెలుసా? వాటర్ పార్కులో కృత్రిమ అలలు. డబ్బు అలల్లోనే కొట్టుకుపోయింది.

ఇంత ఉగ్రమూర్తి తమరు, టెక్సాస్ సరిహద్దు దాటితే అదృశ్యం. అక్కడ కరెంటు పనికీ, ప్లంబింగుకూ, ఏసీకీ రాష్ట్ర లైసెన్సులున్నాయి. మొత్తం ఇల్లు కట్టేవాడికి లేదు. 2003లో ఇళ్ల నిర్మాణానికి ఒక కమిషన్ పెట్టి 2010కల్లా ఎత్తేశారు. ఫ్రిస్కోలో ఇల్లు కట్టించుకునే మన బంధువులు కుళాయి బిగించేవాడి లైసెన్సు చూడగలరు, ఇల్లంతా లేపేవాడిది చూద్దామన్నా దొరకదు. వియ్యపురాలికి పట్టుచీర పెట్టి పెళ్లికూతురికి మరిచిపోయినట్టు.

ఇట్లు,
తమరి నంబరు బోర్డు వెబ్‌సైటులో కొట్టి చూశాకే చెక్కు రాసేవాళ్లం

తా.క.: కొట్టి చూసేటప్పుడు నంబరు చెల్లుబాటులో ఉందని కనబడగానే మురిసిపోకుండా, ఒప్పందంలో పేరూ అక్కడి పేరూ ఒకటేనా చూస్తున్నాం. అద్దెకు తెచ్చిన నంబర్లు అక్కడే దొరుకుతాయి. కింద కార్మికుల బీమా గడి కూడా చూస్తున్నాం. మొన్న ఒకాయనకు అక్కడ "మినహాయింపు" అని ఉంది, అంటే పనివాళ్లెవరూ లేరని తమరికి రాసిచ్చాడు. పొద్దున పికప్‌లోంచి ఐదుగురు దిగారు. వాళ్లెవరో తమరే కనుక్కుని చెప్పగలరు.