సెలవులిస్తే పోయే భయం కాదు

పరీక్షలైపోతే పిల్లలు వాళ్లే కుదుటపడతారన్నది మన ఇళ్లలో గట్టి నమ్మకం. అనంతపురం, చిత్తూరు నుంచి పిల్లల్ని తెచ్చి బెంగళూరు పీయూ (ఇంటర్) కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో చేర్చే తల్లిదండ్రులకు అదే ధైర్యం. ఆ నమ్మకం సగమే నిజం కావచ్చని ఇదే నగరంలో జరిగిన పరిశోధన సూచిస్తోంది.

జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయ) ప్రాంగణంలోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో సుమంత్ర చటర్జీ బృందం ఎలుకలను రోజుకు 2 గంటలు, అలా 10 రోజులు కదలనివ్వకుండా ఉంచి ఒత్తిడికి గురిచేసింది. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. భయాన్ని నమోదుచేసే అమిగ్డలాలో మాత్రం పెరిగాయి. ఇది 2002 నాటి ఫలితం. తర్వాత 21 రోజులు ఏ ఒత్తిడీ లేకుండా వదిలేస్తే హిప్పోక్యాంపస్ కోలుకుంది, అమిగ్డలా కోలుకోలేదని 2004లో తేలింది. ఎలుకల సంగతి పిల్లలకు అచ్చంగా వర్తించకపోవచ్చు. కొట్టిపారేయడానికీ వీల్లేదు.

ఒత్తిడంతా చెడ్డదని మేం అనడం లేదు. కాస్త టెన్షన్ ఉంటేనే చదువు ఎక్కుతుందని పెద్దలనే మాటలో నిజముంది. ఆ సమయంలో విడుదలయ్యే నార్‌అడ్రినలిన్, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు అప్పుడే నేర్చుకున్నదాన్ని గట్టిపరుస్తాయి. చిక్కల్లా గుర్తుతెచ్చుకునే వేళ కార్టిసాల్ పెరిగినప్పుడే. ముందురోజు నేర్చుకున్న పదాలను కార్టిసోన్ (ఒంట్లో కార్టిసాల్‌గా మారే మందు) మాత్ర వేసుకున్నవారు తక్కువగా చెప్పగలిగారని స్విట్జర్లాండ్ పరిశోధకులు 2000లో చూపారు. హాల్లో ఏమీ రాయలేక, గేటు దాటగానే జవాబులు అప్పజెప్పే పిల్లవాణ్ని 'నువ్వు చదవలేదు' అని తిట్టడం అన్యాయం.

వారం వారం టెస్టులు పెట్టడం తప్పు కాదు. గుర్తుతెచ్చుకోవడమే మంచి సాధన. ఆ ర్యాంకులను గోడకెక్కించడం, తక్కువ వచ్చినవాళ్లను అందరిముందూ నిలబెట్టడం, స్టడీ అవర్ల పేరుతో నిద్రను కత్తిరించడం మాత్రం చదువు కాదు. (నేర్చుకున్నది స్థిరపడేదే నిద్రలో!) టెస్టు ఫలితాలను బహిరంగపరచకూడదని, రోజుకు 5 గంటలు మించి క్లాసులు వద్దని, వారాంతపు సెలవు మర్నాడు పరీక్ష పెట్టొద్దని కోచింగ్ సెంటర్లకు కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలోనే మార్గదర్శకాలిచ్చింది. వాటికి చట్టబలం ఇవ్వాల్సింది రాష్ట్రాలే. కర్ణాటక ప్రభుత్వం ఆ పని వచ్చే అడ్మిషన్లలోపే చేయాలి. అందాకా తల్లిదండ్రులైనా ఫీజు కట్టేముందు 'మీరు ర్యాంకులు ఎక్కడ అంటిస్తారు?' అని అడగాలి.