కనుమ నాడైనా కదలకుండా ఉండనివ్వరా?

సంక్రాంతికి ఊరెళ్లేదే మూడు రోజులు. అందులో ఒక రోజు విజయవాడ హైవే మీదే కరిగిపోతుంది. మిగిలింది బట్టల కొట్లో. భోగి మంట దగ్గర కాసేపు చలి కాచుకుందామని కూర్చుంటే చాలు, "పిన్నికి చీర తెచ్చావా? బాబాయికి పంచె?" అంటూ అమ్మ మొదలుపెడుతుంది.

మా బంధువుల్లో జాకెట్టు ముక్కలకు చావు లేదు. రెండేళ్ల కిందట వదినకు పెట్టిన ఆకుపచ్చ ముక్క, మూలనున్న పసుపు మరకతో సహా, మొన్న దసరాకి నా ఒళ్లోకే తిరిగొచ్చింది. ఎన్ని ఇళ్లు చూసొచ్చిందో పాపం! నా బీరువాలో మడత విప్పని చీరలే పదకొండు. స్టీలు డబ్బాల సంగతి అడక్కండి.

నాకు కావాల్సింది వేరే. అరుగు మీద కూర్చుని పిల్లలతో గాలిపటం దారం చిక్కు విప్పాలి. గారెలు, కోడికూర తిని చాప మీద రెండు గంటలు ఒళ్లు తెలీకుండా పడుకోవాలి. సాయంత్రం నాన్నతో గోదారి గట్టు దాకా నడవాలి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మాకేమో ఆ రోజే నాలుగిళ్లకు కవర్లు పంచే డ్యూటీ!

ఈసారి తెగించి చెప్పేశాను, ఎవరికీ ఏమీ తేను, నాకూ ఏమీ పెట్టొద్దని. ఫోన్లో అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "సరేలే, ఒక్క జాకెట్టు ముక్కైనా..." అంది.